అర చుట్టు బిగింపు

నా షాపుకొచ్చే ప్రతివాడూ ఒకటే మాట అంటాడు. "గట్టిగా బిగించు మేస్త్రీ, మళ్ళీ మళ్ళీ రాలేను." ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుద్ది. ఎంత బిగించాలో నాకు తెలుసు, ఇష్టమైతే కూచో, లేకపోతే బండి తోసుకుపో అంటా. అట్టా ఎంతమందిని పోగొట్టుకున్నానో. గురజాలలో నాకు పొగరుబోతు అనే పేరుంది. ఉండనీ. మోటారు సైకిళ్ళ చక్రాలకు బెండు తీయటం నా పని. ఆ పనిలో బిగించటం ఎవడికైనా వస్తది, ఎక్కడ ఆపాలో తెలియాలి. నాకు తెలిసి కూడా ఒకసారి ఆపలేదు. ఆ సంగతి చెప్పాలనే ఇదంతా.

మా నాయన వడ్రంగి. ఎద్దుబండి చక్రాలు చేయటంలో మా చుట్టుపక్కల ఊళ్ళల్లో ఆయన్ని మించినవాళ్ళు లేరు. నల్లతుమ్మ చెక్కను ఏడాది ఎండబెట్టి, నడుమ ఇరుసు దూరే కుండ తొలిచి, దాంట్లోకి పన్నెండు ఆకులు దిగ్గొట్టేవాడు. ఆకులంటే కుండ నుంచి అంచు దాకా నిలబడే కర్రలు. అంచు చుట్టూ ఇనుప పట్టా ఎక్కించే రోజు మా ఇంట్లో పెద్ద హడావిడి. వాకిట్లో పట్టా మీద పిడకలు పేర్చి కాల్చేవాళ్ళు. ఎర్రగా కాలిన పట్టాను నలుగురు పట్టకార్లతో ఎత్తి చక్రం మీద దించగానే చెక్క పొగలు కక్కేది. అమ్మా, అక్కా, నేనూ బిందెలతో నీళ్ళు కుమ్మరించేవాళ్ళం. ఇనుము చల్లారేకొద్దీ ముడుచుకుని చక్రాన్ని అన్ని వైపుల నుంచీ నొక్కేది. లోపల ఆకులన్నీ కిటకిటమంటూ బిగుసుకునేవి. ఆ చప్పుడు ఆగిందాకా నాయన ఎవర్నీ మాట్లాడనిచ్చేవాడు కాదు. తర్వాత కొయ్య సుత్తితో ఒక్కో ఆకునూ తట్టి విని, "ఇప్పుడు చక్రం" అనేవాడు. అంతకుముందు దాకా ఆయన దాన్ని చెక్క అనే అనేవాడు.

నేను బాడిస పట్టుకునే వయసొచ్చేసరికి టైరు బండ్లు దిగినయ్. పత్తి, మిరపకాయలు మార్కెట్టుకు తోలే రైతులంతా వాటికి మారారు. ఏడాదికి ముప్పై చక్రాలు చేసే మనిషికి మూడు కూడా రాలేదు. ఆయనకు కోపం రైతుల మీద కాదు, నా మీద. ఎందుకంటే నేను నరసరావుపేట పోయి ఒక ముసలి మేస్త్రి దగ్గర మోటారు సైకిళ్ళ చక్రాల పనిలో చేరా. ఇంటికొచ్చినప్పుడల్లా, "తీగలు మెలేసేదీ ఒక పనేనంట్రా" అనేవాడు. ఎదురు చెప్పటం నాకూ వచ్చు గానీ, ఆయన ముందు నోరు పెగిలేది కాదు. బయట ఎంత నోరుందో ఇంట్లో అంత మూగోణ్ణి.

ముసలి మేస్త్రి నాకు మొదటి రోజే ఒక పుల్ల చేతిలో పెట్టి నిలబెట్టమన్నాడు. స్పోకును మేం పుల్ల అంటాం. నేల మీద నిలబెట్టి పైన వేలితో నొక్కితే వంగిపోయింది. రెండు కొసలూ పట్టుకుని లాగమన్నాడు. నా తాతలు దిగొచ్చినా తెగేట్టు లేదు. "చూశావా, మీ నాయన చక్రంలో ఆకు కింద నిలబడి బరువు మోస్తది. ఇది నిలబడలేదు. ఇది లాగి పట్టుకునే రకం. ముప్పై ఆరు పుల్లలు ముప్పై ఆరు వైపుల నుంచి సమంగా లాగితేనే చక్రం గుండ్రంగా ఉంటది" అన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు. "మీ వాళ్ళకు బిగువంటే మోజు. ఎక్కువ బిగిస్తే పుల్ల ఓర్చుకుంటది, రిమ్ము ఓర్చుకోదు. పుల్ల దూరే బెజ్జం కాడ వెంట్రుక మాదిరి చీలుద్ది, నీ కంటికి కూడా ఆనదు. మామూలు రోడ్డు మీద ఏమీ కాదు. గతుకుల్లో, రాళ్ళల్లో, ఎండలో పరుగు పెట్టించినప్పుడు బయటపడుద్ది." నాలుగేళ్ళు ఆయన దగ్గర చేసి గురజాల బస్టాండు వెనక రేకుల కప్పుతో సొంత షాపు పెట్టుకున్నా. అందులో నాయన రెండేళ్ళ దాకా కాలు పెట్టలా.

అక్క నాకన్నా మూడేళ్ళు పెద్ద. ఆమెను మా ఊరికి దగ్గర్లోనే ఇచ్చాం. బావ నాపరాళ్ళ గనిలో ట్రాక్టరు తోలేవాడు, మాచర్ల రైలు స్టేషన్ దాకా రాళ్ళు చేరేసేవాడు. నెమ్మదస్తుడు. మా పల్నాటిలో మగాళ్ళకు లేనిది అదే గదా, అందుకే మా ఇంట్లో అందరికీ ఆయనంటే ప్రాణం. తాగడు, అరవడు, ఎవర్నన్నా ఆటపట్టిస్తే వాళ్ళు ఇంటికిపోయినాక గానీ అర్థం కాదు. రెండు చేతులు మారిన పెద్ద మోటారు సైకిలొకటి కొన్నాడు. ముందు టాంకు మీద పాపను కూచోబెట్టుకుని, వెనక అక్కను ఎక్కించుకుని, ఎడ్లబండి కన్నా కాస్త జోరుగా మా ఇంటికొచ్చేవాడు. "ఏంది బావా, నడిచొచ్చినా ఈపాటికి వచ్చేవాడివి" అని నేనంటే, "నీ చక్రాలు అరిగిపోతయ్యని బామ్మర్దీ" అనేవాడు.

ఆ ఏడు మా ఊరి తిరునాళ్ళకు ఎద్దుల బండలాగుడు పందెం అయినాక మోటారు సైకిళ్ళ పందెం పెడతన్నారని తెలిసింది. గని కుర్రాళ్ళు, పక్కూరి రైతుల పిల్లలు పట్టుదలకు పోయి పెట్టిందది. కాలవ కట్ట మీద మొదలుపెట్టి, గని పక్క కంకర దారెంట పోయి, ఎండిన వాగులో దిగి, అవతలికెక్కి, చుట్టు తిరిగి మళ్ళీ కట్ట మీదికి రావాలి. మూడు చుట్లు. గెలిచినోడికి ఇత్తడి బిందె, శాలువా. బావ పేరిచ్చాడంటే నేను నమ్మలా. షాపుకొచ్చి ఆయనే చెప్పాడు. "గెలవటానికి కాదు బామ్మర్దీ. మీ నాయన ఎట్టాగూ బండలాగుడు చూడ్డానికొస్తాడు గదా. నీ చక్రం ఆ రాళ్ళల్లో ఎట్టా నిలబడుద్దో ఒకసారి కళ్ళతో చూడనీ. అప్పుడన్నా తీగలు మెలేసే పని అనటం మానతాడు." నాకు కళ్ళనీళ్ళు తిరిగినయ్. ఆ మాట ఎవర్తోనూ అనలా, మొండిగా ముఖం పెట్టి, "ముందు ఆ చక్రం విప్పు, పుల్లలన్నీ తుప్పు పట్టినయ్" అన్నా.

బండి ముందు చక్రం మొత్తం విప్పి కొత్తగా కట్టా. రిమ్ము పాతదే, నిక్షేపంగా ఉంది. పుల్లలు ముప్పై ఆరూ కొత్తవి. రెండు రోజులు ఇంకో పని ముట్టుకోలా. ఒక్కో పుల్లనూ గోటితో మీటి, శబ్దం అన్నిటికీ ఒకటిగా వచ్చిందాకా సర్దా. ముసలి మేస్త్రి చూసినా వేలు పెట్టే సందు ఉండదు. అంత బాగా నేను అంతకుముందు కట్టలా, ఆ తర్వాతా కట్టలేదు.

తిరునాళ్ళకు ముందు రోజు పొద్దెక్కినాక నాయన షాపుకొచ్చాడు. బాడిసకు పదును పెట్టించుకోవటానికి వచ్చి, ఎండకు నా రేకుల కిందికి చేరాడు. స్టూలేసి కుండలో నీళ్ళిచ్చా. ఆయన నీళ్ళు తాగి స్టాండు మీదున్న చక్రం వైపు చూశాడు. లేచి పోయి వేలితో తిప్పాడు. ఒక కన్ను మూసి అంచు చూశాడు. మళ్ళీ తిప్పాడు. "వంకర లేదు" అన్నాడు. మీకు అది చిన్న మాట. మా ఇంట్లో ఆ మాట కోసం నేను ఇరవై ఆరేళ్ళు ఎదురుచూశా.

తర్వాత ఆయన రెండు పుల్లల్ని ఒక చోట బొటనవేలూ చూపుడువేలూ మధ్య పెట్టి నొక్కాడు. కొంచెం దగ్గరకొచ్చినయ్, రావాలి కూడా. "వదులుందిరా" అన్నాడు. కాదు నాయనా, దీనికి అంతే ఉండాలి, ఇది నీ చక్రం లాంటిది కాదు అని నోటిదాకా వచ్చింది. ఆయన జీవితంలో మొదటిసారి నా పని మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి తీసేట్టు మాట్లాడాలనిపించలా నాకు. పుల్లలు బిగించే కీ తీసుకున్నా. "ఒక అర చుట్టు వేస్తా" అన్నా. ముప్పై ఆరు పుల్లలకూ, వరసగా, ఒక్కోదానికి అర చుట్టు.

ముప్పై దాటినాక ఒక పుల్ల కాడ చిన్న చప్పుడైంది. టిక్కుమంది. చెవికన్నా చేతికి తెలిసింది, కీ పిడిలో. పుల్ల సర్దుకుంటందిలే అనుకున్నా. అనుకోలా, అనుకోవాలనుకున్నా. నాయన అక్కడే నిలబడి చూస్తన్నాడు. మిగతావి కూడా పూర్తి చేశా. ఆయన మళ్ళీ రెండు పుల్లల్ని నొక్కి చూసి, ఇటు గోటితో తట్టి, అటు తట్టి, "ఇప్పుడు చక్రం" అన్నాడు. బాడిస సంచీలో వేసుకుని బస్టాండు వైపు పోయాడు. నేను గుడ్డకు చమురు అద్ది రిమ్మంతా తళతళలాడేట్టు తుడిచా. ఆ పూటంతా ఈల వేస్తానే ఉన్నా. మధ్యాహ్నం బావ బండి తీసుకుపోవటానికి వస్తే నాయన అన్న మాట నాలుగుసార్లు చెప్పా. ఆయన నాలుగుసార్లూ మొదటిసారి విన్నట్టే విన్నాడు.

పందెం రోజు మూడు గంటలకు ఎండ నెత్తిన కూచుంది. గని దారిలో నాపరాళ్ళ ముక్కలు పెనంలా కాలతన్నయ్. పందెంలో ఉన్నవాళ్ళంతా టైర్లల్లో కొంచెం గాలి తీశారు. ఎండకు గాలి ఉబ్బి టైరు పేలుద్దని మా వైపు అందరికీ భయం. బావ బండిక్కూడా నేనే తీశా. జనమంతా కాలవ కట్ట మీద ఉన్నారు, నాయన కూడా. నేనొక్కణ్ణే పోయి వాగు గట్టు మీద నిలబడ్డా. నా చక్రం గట్టు మీద నుంచి దూకి కింద రాళ్ళల్లో ఎట్టా దిగుద్దో నా కళ్ళతో చూసుకోవాలి, అదీ నా సంబరం.

మొదటి చుట్టులో నలుగురు గట్టు మీంచి దూకారు. దుమ్ము లేచింది. అయిదోవాడు బావ. గట్టు దాకా జోరుగా వచ్చి, బ్రేకు వేసి, పక్కనున్న బండ్ల జాడలో మెల్లగా దిగి, అవతలికెక్కి పోయాడు. నాకు తల కొట్టేసినట్టయింది. రెండో చుట్టూ అంతే. మెల్లగా, ముసలాణ్ణి ఎక్కించుకున్నట్టు దిగాడు. నాకు తిక్క రేగింది. "ఏంది బావా, దూకించు, నా చక్రం మీద నమ్మకం లేదా" అని అరిచా. ఆయన తలెత్తి చూసి నవ్వి చెయ్యి ఊపాడు. ఆ నవ్వు చూసి ఇంకా మండింది నాకు. బిందె పోయింది, నాయన ముందు పరువూ పోయిందని పళ్ళు నూరుకుంటా నిలబడ్డా. ఆయన నన్ను చూసి నవ్వటం అదే చివరిసారి, అప్పుడు నా మనసులో ఉన్నది అది.

మూడో చుట్టు. మళ్ళీ బ్రేకు వేశాడు, మళ్ళీ బండ్ల జాడలోనే దిగాడు. దిగువన ఒక నాపరాయి పలక అంచు తేలి ఉంది. రెండుసార్లు దాని మీంచే పోయాడు. ఈసారి ముందు చక్రం దాన్ని తాకంగానే టప్ టప్ టప్పుమని వరసగా మూడు నాలుగు శబ్దాలు వినపడినయ్. చక్రం నూనెలో వేసిన అప్పడం లాగా వంకరపోయింది. బండి ఆగిపోయింది, మనిషి ఆగలా. తల పోయి రాతికి తగిలింది. నేను గట్టు మీంచి ఎట్టా దిగానో నాకు తెలియదు. తల ఒళ్ళోకి తీసుకునేసరికి కళ్ళు తెరిచే ఉన్నయ్ గానీ నన్ను చూట్టంలా. ట్రాక్టరు ట్రక్కులో వేసుకుని గురజాల ఆస్పత్రికి బయలుదేరాం. ఊరి పొలిమేర దాటకముందే అయిపోయింది.

కట్ట మీద జనానికి వాగు ఆనదు. వాళ్ళు చూసింది దుమ్ము, విన్నది చప్పుడు. అందుకే సాయంత్రానికి ఊళ్ళో ఒక మాట తయారైంది. అందరికన్నా వెనకపడ్డాడు గదా, మూడో చుట్టులో రోషానికి పోయి ఎగిరి దూకాడు, ఇత్తడి బిందె కోసం ప్రాణం పోగొట్టుకున్నాడు. చావింట్లో కూచున్న వాళ్ళు కూడా అదే అన్నారు. అక్క అత్త, "ఏమే, నువ్వన్నా ఆపలేదేమే, బిందె కావాలన్నావా ఏంది" అని అందరి ముందూ అడిగింది. అక్క తలెత్తలా. దూకలేదమ్మా, మెల్లగా దిగాడు, నేను చూశా అని ఒక్క మాట నేను అని ఉండాల్సింది. మెల్లగా దిగితే చక్రం ఎందుకు విరిగింది అని తర్వాత మాట వస్తది. ఆ తర్వాత మాటకు భయపడి మొదటి మాట మింగా.

మూడో రోజు ఆ చక్రాన్ని గోతాంలో వేసుకుని షాపుకు తెచ్చి తలుపేసుకుని చూశా. నాలుగు పుల్లలు రిమ్ములోంచి బెజ్జంతో సహా ఊడొచ్చినయ్. ఒకటి పోతే దాని లాగుడు పక్కదాని మీద పడుద్ది, అదీ పోతే దాని పక్కదాని మీద. బెజ్జాల కాడే చీలింది, ముసలి మేస్త్రి చెప్పినట్టే. గాలి తక్కువున్న టైరు రాతి దెబ్బను ఆపలేక రిమ్ముకే తగలనిచ్చింది. పక్కపక్కనున్న మూడు బెజ్జాల కాడ చీలికలు తెల్లగా కొత్తగా ఉన్నయ్. ఒక్క బెజ్జం కాడ మాత్రం చీలిక లోపల నల్లగా ఉంది. వేలు పెట్టి వాసన చూశా. చమురు. నేను గుడ్డతో తుడిచిన చమురు ఆ చీలికలోకి ఇంకింది. అంటే నేను తుడిచేసరికే అది చీలి ఉంది. కీ పిడిలో నా చేతికి తెలిసిన ఆ టిక్కుమన్న చప్పుడు అదే.

పదకొండో రోజు నాయన షాపుకొచ్చాడు. ఆ చక్రాన్ని నేను దాచలా, దాచే ఓపిక లేదు. ఆయన చక్రాన్ని ఒళ్ళో పెట్టుకుని అంచంతా తడిమాడు. చెక్కలో బీట ఎక్కడుందో వేలితో పట్టే మనిషి. నల్ల చీలిక కాడ ఆయన గోరు ఆగింది. "ఇది ముందే ఉందా?" అన్నాడు. "తెలియదు నాయనా" అన్నా. ఆయన నా ముఖం కూడా చూడలా. చక్రాన్ని గోడకు ఆనించి, లేచి, భుజం మీద తువ్వాలు సర్దుకుని పోయాడు. ఆ తర్వాత మూడేళ్ళు బతికాడు గానీ బాడిస ముట్టుకోలా. చెయ్యి వణుకుతందని అందరికీ చెప్పేవాడు. అన్నం తినేటప్పుడు వణకటం నేనెప్పుడూ చూళ్ళేదు. మేమిద్దరం దాని గురించి ఒక్క మాటన్నా అనుకోలా, ఆయన పోయేదాకా.

అక్క అత్తగారి ఊళ్ళోనే ఉండిపోయింది. కూలికి పోతా పాపను పెంచింది. నేను వారం వారం పోయేవాణ్ణి. ఇంటికి కావాల్సినవి తెచ్చిపెట్టేవాణ్ణి, పాపకు జడ రిబ్బన్లు కొనేవాణ్ణి. తమ్ముడంటే అట్టా ఉండాలని ఊళ్ళోవాళ్ళు అంటంటే వినకుండా బండెక్కి వచ్చేసేవాణ్ణి. అక్క మాత్రం మారిపోయింది. బావ ఫొటో గోడకుంది గానీ దానికి దండ వేయటం, దణ్ణం పెట్టటం ఎప్పుడూ చూళ్ళేదు. తద్దినం రోజు వంట చేసేది, విస్తరి వేసేది, ఫొటో వంక చూసేది కాదు. దుఃఖం గట్టిపడితే అంతేలే అనుకునేవాణ్ణి.

ఎనభైల చివర్లో ఒక ఎండాకాలం, మిరపకాయల కళ్ళంలో అక్కా నేనూ కూచుని తొడిమలు తీస్తన్నాం. బడి నుంచి పాప వచ్చింది, తొమ్మిదేళ్ళుంటయ్. సంచీ పడేసి నా పక్కన కూచుని, "మామయ్యా, మా నాయన ఇత్తడి బిందె కోసం చచ్చిపోయాడంట గదా, బళ్ళో అందరూ నవ్వుతన్నారు" అంది. మామూలుగా అడిగింది, ఏడవటం కూడా లేదు. అక్క చేతిలో కాయ అట్టాగే ఉంది. "పో, కాళ్ళు కడుక్కుని అన్నం తిను" అని పాపను పంపించింది.

ఇంక నా వల్ల కాలా. "అక్కా, బావ దూకలేదు" అన్నా. "బ్రేకు వేసి మెల్లగా దిగాడు. నేను గట్టు మీదే ఉన్నా. చక్రం విరిగింది నా వల్ల. నాయన వదులుందన్నాడని ఎక్కువ బిగించా. రిమ్ము చీలింది, నా చేతికి తెలిసింది, తెలిసే ఊరుకున్నా." ఒక్కసారిగా మొత్తం కక్కేశా. తిట్టుద్దనుకున్నా, చేతిలో ఉన్న చేట పెట్టి కొట్టుద్దనుకున్నా. కొట్టి ఉంటే బాగుండేది.

అక్క ఒక కాయ తొడిమ తుంచింది. కాయల వంకే చూస్తా, "ఆ ముందు రోజు ఇంటికి రాగానే నాతో అన్నాడు రా" అంది. "చక్రం అప్పుడప్పుడూ టిక్కు టిక్కుమంటంది, పోయి మీ తమ్ముడికి చూపించి వస్తా అని బండి మళ్ళీ బయటికి తీశాడు. నేనే ఆపా. మా నాయన వాణ్ణి ఈ పూటే మెచ్చుకున్నాడంట, ఇప్పుడు పోయి నీ చక్రంలో వంక ఉందంటే వాడి ముఖం ఎట్టుంటదో ఆలోచించు, పందెం అయినాక చెబుదువులే అన్నా. ఆయన నవ్వి, సరేలే, నీ తమ్ముడి కోసం వాగు కాడ మాత్రం మెల్లగా దింపుతా, నీ మీద ఒట్టు అన్నాడు."

అక్క తల తిప్పి మొదటిసారి నా ముఖంలోకి చూసింది. "మెల్లగానే దింపాడా మరి?"

"మెల్లగానే అక్కా."

"మూడుసార్లూనా?"

"మూడుసార్లూ. నేను దూకించమని అరిచినా దూకలేదు."

ఆమె చేట కింద పెట్టింది. "నా మీద ఒట్టేసి మాట తప్పాడనుకున్నా రా ఇన్నేళ్ళూ" అంది. "అందరూ దూకాడు దూకాడు అంటే నిజమే అనుకున్నా. బిందె ముందు నేనూ నా బిడ్డా ఏపాటి అనుకున్నాడులే అనుకున్నా. ఆ ఫొటో వంక చూస్తే ఒళ్ళు మండేది. ఏడేళ్ళు ఆయన్ని తిట్టుకుంటానే ఉన్నా తమ్ముడూ. ఏడవను కూడా ఏడవలా సరిగ్గా."

అప్పుడు ఏడ్చింది. నోట్లో కొంగు కుక్కుకుని, ముందుకీ వెనక్కీ ఊగుతా, చావింట్లో ఏడవాల్సిన ఏడుపు ఆ కళ్ళంలో ఏడ్చింది. నేను చేసిన చక్రం ఆయన్ని ఒక్కసారి చంపింది. నేను మింగిన మాట ఆయన్ని ఆమె మనసులో ఏడేళ్ళు చంపతానే ఉందని నాకు ఆ పూట దాకా తెలియలా. చెయ్యి పట్టుకోబోయా. విదిలించి కొట్టింది, కాసేపటికి తనే పట్టుకుంది. మిరపకాయల చేతుల్తో ఇద్దరం కళ్ళు తుడుచుకుని ఆ మంటకు మళ్ళీ ఏడ్చాం.

పొద్దు వాలేముందు అక్క ముఖం కడుక్కుని వచ్చి పాపను పిలిచింది. "ఇట్టా రా. మీ నాయన వాగు కాడ ఎట్టా దిగాడో మీ మామయ్య చెప్తాడు. విని రేపు బళ్ళో అందరికీ చెప్పు" అంది.

పాప నా ముందు బాసింపట్టు వేసుకుని కూచుంది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక అక్క వంక చూశా. "మొదటి నుంచీ చెప్పు" అంది అక్క. నాయన నా షాపుకొచ్చి రెండు పుల్లల్ని నొక్కి చూసిన కాడ మొదలుపెట్టా.